బస్సు ఆత్మకూరు డిపోకే

గోపిక కేక వేస్తే ఉదయగిరి గ్రౌండులో ఆ కొసన ఉన్న పిల్లకే కాదు, పక్క రోడ్డు మీద పోయే ఆటోవాడికి కూడా కాలు బ్రేకు మీదికి పోతుంది. మెడలో విజిల్ ఉంటుంది గానీ అది అలంకారానికే. వరికుంటపాడు దగ్గర గొర్రెల మంద వెంట తిరిగి పెరిగిన మనిషి. గుట్ట మీద నిలబడి పిలిస్తే వాగుకు అవతల మేస్తున్న గొర్రె తలెత్తి చూసేది. ఇప్పుడా గొంతుతోనే ఆడపిల్లల బడిలో ఫుట్‌బాల్ నేర్పుతోంది. అంత గొంతున్న మనిషి, ఎవరేమడిగినా తడుముకోకుండా బదులు చెప్పే మనిషి, ఒకరోజు గదినిండా జనం ముందు నవ్వులపాలైంది. అదీ దేని గురించి? బస్సు గురించి! బస్సు డ్రైవరు పెళ్లాం బస్సు దగ్గర పప్పులో కాలేయడమేమిటని మీరడుగుతారు. అడగండి, చెప్పడానికే కూర్చున్నాను.

ముందు ఆ గ్రౌండు సంగతి. వెనక దుర్గం కొండ, ముందర బడి గోడ, మధ్యలో రాళ్లూ పల్లేరు కాయలూ. సాయంత్రం ఆట మొదలవ్వాలంటే పిల్లలంతా వరసగా నడుం వంచి ముళ్లు ఏరాలి, లేకపోతే బంతి ఆ పూటతో సరి. గోల్‌పోస్టులంటే రెండేసి సర్వి కట్టెలు, పైన అడ్డంగా వెదురు బొంగు. గోపిక కూడా చిన్నప్పుడు హాస్టల్లో ఉండి ఇలాంటి నేల మీదే ఆట నేర్చుకుంది, జిల్లా జట్టుకు ఆడింది. ఇంటర్ అయ్యాక మేనమామ కొడుకు మాధవ్‌ను చేసుకుని ఆత్మకూరు వచ్చింది. మాధవ్ అక్కడి డిపోలో ఆర్టీసీ డ్రైవరు. పెళ్లయింది కదా, ఇక ఆట మానేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం తిన్నగా ఉదయగిరి వెళ్లి, ఆ బడి హెడ్మిస్ట్రెస్ రేణుకాదేవి ముందు నిలబడింది. "మేడం, మీ పిల్లలు పరిగెత్తతా ఉండారు గానీ ఆడటంలా. నాకొదిలేయండి, ఆడిస్తా" అంది. రేణుకాదేవి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, సరేనంది.

ఆడించింది కూడా. మొదటి ఏడాది ఆ పిల్లలు గోలు వేస్తే చాలని మొక్కుకునేవాళ్లు. తర్వాత తర్వాత నెల్లూరు దాకా వెళ్లి గెలిచి రావడం మొదలుపెట్టారు. మ్యాచ్ ఉన్నరోజు డిపో నుంచి స్పెషల్ బస్సు వచ్చేది. చాలాసార్లు మాధవే డ్రైవరు. పిల్లల్ని గ్రౌండు దగ్గర దించి, అక్కడ బస్సు ఆపడానికి చోటుండదు కాబట్టి తిన్నగా డిపోకు తీసుకుపోయేవాడు. "అక్కా, మావ మన ఆట ఒక్కసారీ చూడలా" అని కెప్టెన్ దివ్యశ్రీ గునిసేది. "మీ మావకు బస్సే పెద్ద పెళ్లాం. నేను చిన్నపెళ్లాన్ని" అనేది గోపిక.

ఇంత బాగా సాగుతుంటే పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. కోచింగ్ లైసెన్సు లేనివాళ్లను ఇక పిల్లలకు నేర్పనివ్వకూడదట. లైసెన్సు తెస్తే గోపిక ఉంటుంది, జట్టు ఉంటుంది. తేకపోతే సాయంత్రం ఆ గంటను లెక్కల స్లిప్ టెస్టులకు ఇచ్చేస్తారు. రేణుకాదేవి ఈ మాట చెబుతూ తల దించుకుంది. ఆమెకూ బాధగానే ఉంది. గోపికకు బాధ లేదు, కోపమే. "తెస్తాను మేడం, అదేమన్నా కొండ మీది కోతా?" అని అనంతపురంలో జరిగే శిక్షణకు బయలుదేరింది.

అక్కడ గ్రౌండులో ఆమెకు ఎదురులేదు. పిల్లల్ని ఎలా నిలబెట్టాలి, బంతి ఎక్కడికి పంపాలి, అలసిన పిల్లను ఎప్పుడు పక్కకు పిలవాలి, ఇవన్నీ చేసి చూపిస్తే శిక్షణ ఇచ్చే కేరళ సారు తల ఊపుతూ నిలబడ్డాడు. చిక్కంతా చివరిరోజు వచ్చింది. ఆ రోజు మాటల పరీక్ష. అంతా ఇంగ్లీషులోనే. ఒక్కొక్కరినీ అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు.

గోపిక నిలబడింది. కేరళ సారు నవ్వుతూనే అడిగాడు. "లాస్ట్ టెన్ మినిట్స్. యు ఆర్ వన్ గోల్ అప్. విల్ యు పార్క్ ది బస్?"

ఆమెకు పార్కూ వినపడింది, బస్సూ వినపడింది. ఓహో, మ్యాచ్ అయిపోవస్తోంది కదా, పిల్లల బస్సు ఎక్కడ ఆపుతావని అడుగుతున్నాడనుకుంది. ఎంత మంచి సారు, పిల్లల గురించి ఎంత ఆలోచన అని కూడా అనుకుంది పాపం! ఛాతీ నిండా గాలి పీల్చుకుని, గ్రౌండులో అరిచినట్టే గట్టిగా చెప్పింది. "నో సార్! బస్ నో పార్కింగ్. బస్ గోయింగ్ ఆత్మకూరు డిపో. డ్రైవర్ మై హస్బెండ్. డ్యూటీ ఓవర్!"

గదిలో అందరూ పడీపడీ నవ్వారు. ఎవరో బెంచీ చరిచారు. ఒకాయనకు పొలమారితే పక్కాయన వీపు తట్టాడు. కేరళ సారు ఒక్కడే నవ్వలేదు, పెదవి కొరుక్కున్నాడంతే. తన మాటలో నవ్వాల్సిందేముందో తెలియక గోపిక అలాగే నిలబడిపోయింది. బయటికొచ్చాక గుంటూరు నుంచి వచ్చిన ఒకతను చెప్పాడు. ఫుట్‌బాల్‌లో పార్క్ ది బస్ అంటే నిజం బస్సు కాదట. ఒక గోలు ఆధిక్యం దొరికాక, అది పోకుండా జట్టు మొత్తాన్నీ తమ గోలు ముందే అడ్డంగా నిలబెట్టేయడమట, గుమ్మానికి అడ్డంగా బస్సు పెట్టినట్టు.

గోపికకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం కేరళ సారు పిలిచి మెల్లగా, అర్థమయ్యేలా చెప్పాడు. నీ ఆట మంచిది. కానీ కోచ్‌కు భాష కావాలి. రిఫరీతో మాట్లాడాలి, పుస్తకం చదవాలి, రేపు నీ పిల్లలు బయటి రాష్ట్రానికి వెళితే వాళ్ల తరఫున నువ్వే నోరు విప్పాలి. వచ్చే ఏడాది మళ్లీ రా. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే మాధవ్ ముందు పగలబడి నవ్వాడు. ఆమె మొహం చూశాక నోరు మూసుకున్నాడు.

"నీ బస్సు నా కొంప ముంచింది బావా!"

"నా బస్సేం చేసిందిమే? అయినా నువ్వు చెప్పిందాంట్లో తప్పేముండాది? డిపోకే గదా నేను తోలేది!"

"తప్పు లేదు. అదే తప్పు!" అని గోపిక పళ్లెం ఠంగుమనిపించి లోపలికి పోయింది.

రేణుకాదేవి పైవాళ్లతో మాట్లాడి ఒక ఏడాది గడువు తెచ్చింది. ఒక్క ఏడాదే, ఆ తర్వాత తన చేతుల్లో లేదంది. ఇక గోపికకు ఇంగ్లీషు నేర్పే పని హర్షిత నెత్తిన పడింది. హర్షిత ఆ బడిలో ఇంగ్లీషు టీచరు. ఆత్మకూరు బజారులో హోల్‌సేల్ కిరాణా కొట్టున్న రంగనాథం గారి మనవరాలు. ఇద్దరూ రోజూ పొద్దున ఒకే బస్సెక్కి ఉదయగిరి పోతారు. కొట్టు మనవరాలు కదా, ఏదైనా పద్ధతిగా ఉండాలి ఆ పిల్లకు. నిన్నటి పని ఇలా, రేపటి పని అలా, జరుగుతున్న పని ఇంకోలా అని వ్యాకరణం పుస్తకం తెరిచేది. గోపిక శ్రద్ధగానే మొదలుపెట్టేది. దుత్తలూరు వచ్చేసరికి తల హర్షిత భుజం మీద ఉండేది.

"అక్కా, నీకు ఇది వంటబట్టదు" అంది ఒకరోజు హర్షిత విసుగ్గా.

"వంటబట్టకుండా పోయేదానికి నేనేం రాయినా? నువ్వు జెప్పేదాంట్లో ఒక్క బంతన్నా ఉండాదా? హీ గోస్, షీ గోస్ అంటావు. యాడికి పోతాండారు వాళ్లు? ఎందుకు పోతాండారు?"

హర్షిత పుస్తకం తిరగేసి చూసింది. నిజమే కదా! ఆ పుస్తకంలో మనుషులు ఊరికే పోతుంటారు, ఊరికే వస్తుంటారు, ఎవరికీ ఏ పనీ ఉండదు.

ఆ కోపంలోనే గోపిక ఫోను తీసి, రాత్రి విదేశంలో జరిగిన మ్యాచ్ పెట్టుకుంది. ఎప్పుడూ సౌండు తీసేసి చూసే అలవాటు, ఆ ఇంగ్లీషు గోల భరించలేక. ఆ రోజు బస్సు కుదుపుకు వేలు తగిలి సౌండు వచ్చింది. ఆపబోయి ఆగింది. తెరమీద ఒక కుర్రాడు గోలు గీత మీద నుంచి బంతిని బయటికి తన్నాడు. చెవిలో కామెంటేటరు 'క్లియర్డ్ ఆఫ్ ది లైన్' అని కేకేశాడు. జరిగిందేమిటో ఆమెకు ముందే తెలుసు. మాట దాని మీద వచ్చి కూర్చుంది, అంతే. ఇంకో జట్టు వాడు పొరపాటున తన గోలులోకే కొట్టుకున్నాడు. 'ఓన్ గోల్' అన్నారు. ఆటంతా అయినా ఎవరూ గెలవలేదు, ఇంకాస్త ఆడించారు. 'ఎక్‌స్ట్రా టైమ్' అన్నారు. ఉదయగిరి వచ్చేసరికి గోపిక కళ్లు మిలమిలా మెరుస్తున్నాయి. "హర్షితా, ఈళ్లకు పనుందే! ఈళ్లు ఎందుకు పోతాండారో నాకు తెలస్తాంది!" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఊపేసింది.

ఇక ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. మాధవ్ స్కూటరు వెనక్కి తీస్తూ తన ఇంటి నీళ్లతొట్టే పగలగొట్టుకుంటే, "ఓన్ గోల్ బావా!" అని గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. అత్త చారులో ఉప్పు మరిచిపోతే, చేతిలో బంతి జారవిడిచావని "డ్రాప్ ది బాల్" అంది. ఆవిడ బాలు యాడుందని మంచం కింద వెతికింది. క్లీన్ షీట్ దగ్గర మాత్రం మళ్లీ బోల్తా పడింది. ఉతికిన దుప్పటి గురించి అంత సంబరంగా ఎందుకు చెబుతున్నారా అని చాలాసేపు ఆలోచించింది. ఎదుటి జట్టుకు ఒక్క గోలూ ఇవ్వకపోవడమని హర్షిత చెప్పాక, దాన్నీ వదల్లేదు. మాధవ్ డ్యూటీ దిగి వస్తే "క్లీన్ షీటా?" అని అడిగేది. ఎక్కడా గీత పడకుండా బస్సు తెచ్చానంటే మజ్జిగ గ్లాసు చేతికొచ్చేది. మాధవ్ కూడా తక్కువ తినలేదు. సెలవు రోజున కంది పప్పు తెమ్మంటే "నేను బెంచీ మీదుండాను, సబ్‌స్టిట్యూట్‌ను పంపించు" అని దుప్పటి ముసుగేసేవాడు.

గోపిక నాయన కొండలయ్య కూతుర్ని చూడటానికి వచ్చి, ఆ ఫోను ముందు కూర్చున్నాడు. జీవితమంతా గొర్రెలు కాచిన మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు, బంతి ఎప్పుడూ తన్నలేదు. కాసేపు కళ్లు చిట్లించి చూసి అన్నాడు. "ఆ ఎర్రచొక్కావోడు మంద ఇడిసిపెట్టి ఒంటిగా యాడికో పోయినాడే. ఇప్పుడు తోడేలొచ్చి ఆ సందులో దూరతాది చూడు." మాట పూర్తికాకముందే అటు వైపు నుంచి గోలు పడింది. కామెంటేటరు 'ఔట్ ఆఫ్ పొజిషన్' అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. గోపిక ఆశ్చర్యంతో నాయన వైపు చూసింది. "తోడేలు ఎప్పుడూ కదలకుండా నిలబడిండే మందనే చూసుకుంటాదమ్మా. కదిలేదాన్ని పట్టడం కష్టం" అన్నాడు కొండలయ్య. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో కూతురి చేత చెప్పించుకుని మరీ వెళ్లాడు. అప్పటి నుంచి మందకంటే ముందు పరిగెత్తి పరుల చేలో పడే ఒక తెల్లమూతి గొర్రెకు ఆఫ్‌సైడ్ అని పేరు పెట్టాడు. వరికుంటపాడు వైపు ఎవరైనా వెళితే వినొచ్చు. "ఒసే ఆఫ్‌సైడూ, ఎనక్కి రా!" అని ఆయన కేక.

ఇలా మాటలు పోగవుతున్నాయి గానీ, నలుగురిలో నోరు తెరిచే సందర్భం రాలేదు. అది వచ్చినరోజు ఎలా వచ్చిందో చెప్పాలి.

బడి వార్షికోత్సవం దగ్గర పడింది. అప్పటికి వారం ముందే రేణుకాదేవి ఒక కొత్త మాట అంది. "లైసెన్సొక్కటే చాలదేమో గోపికా. ఈసారి జిల్లా కప్పు కూడా తెస్తే పైవాళ్లకు చెప్పుకోవడానికి బాగుంటుంది" అని. గోపికకు ఆ మాట రుచించలేదు గానీ, పిల్లలు ఎదురుచూస్తున్నారని గ్రౌండుకు వెళ్లిపోయింది. సోమవారం బడికి వస్తే గ్రౌండు బోసిగా ఉంది. సభకు స్టేజీ వేయడం కోసం సర్వి కట్టెలు పీకించి, వాటిని తీసుకెళ్లి గోడ మూలన పాతించారు! అటు బంతి కొడితే నేరుగా వంటగదిలో సాంబారు గిన్నెలో పడుతుంది. గోపికకు ఒళ్లు మండింది. విసవిసా ఆఫీసు గదిలోకి నడిచింది.

లోపల రేణుకాదేవి, ఆమె ఎదురుగా ప్రశ్నపత్రాలు పట్టుకుని హర్షిత. ఆఫీసు గదిలో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడాలని కొత్తగా రూలు పెట్టింది రేణుకాదేవే. సరే, రూలు రూలే. గోపిక ధైర్యంగా మొదలుపెట్టింది. "మేడం! వై యు మూవ్డ్ ది గోల్‌పోస్ట్స్?"

రేణుకాదేవి మొహంలో రంగులు మారాయి. గోపిక అక్కడితో ఆగితేనా! "లాస్ట్ వీక్ వన్ ప్లేస్, దిస్ వీక్ వన్ ప్లేస్! ఎవ్రీ టైమ్ యు ఆర్ మూవింగ్ ది గోల్‌పోస్ట్స్! మై గర్ల్స్ వాట్ టు డూ?"

హర్షిత ప్రశ్నపత్రాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ కాగితాలు వణుకుతున్నాయి. రేణుకాదేవి కాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ తిప్పింది. ఆమె పెట్టిన రూలును ఆమే వదిలేసి తెలుగులోకి దిగింది. "అంత మాట ఎందుకు గోపికా? నేను మాట మీద నిలబడే మనిషినే. ముందు లైసెన్సన్నాను, తర్వాత కప్పన్నాను. నిజమే, అది న్యాయం కాదు. సరే, కప్పు మాట వదిలేయ్. లైసెన్సు తెస్తే చాలు. ఇంకో మాట అడగను."

గోపిక బిత్తరపోయింది. తను కట్టెల కోసం వస్తే ఈవిడ కప్పు వదిలేయడమేమిటి? "సంతోషం మేడం... మరి కట్టెలో?"

"ఏ కట్టెలు?"

"గోలు కట్టెలు! వంటగది దగ్గర పాతినారే!"

ఇక హర్షిత వల్ల కాలేదు. కుర్చీలో కూలబడి, కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వింది. నవ్వు మధ్యలో ముక్కలు ముక్కలుగా విడమరిచి చెప్పింది. ఆట మధ్యలో షరతులు మార్చేసేవాళ్లను ఇంగ్లీషులో గోల్‌పోస్టులు జరిపారంటారట. అంటే గోపిక కట్టెల గురించి అడిగింది, రేణుకాదేవికి మాత్రం మాట తప్పావని మొహం మీదే అన్నట్టు తగిలింది. అప్పటికి రేణుకాదేవికి కూడా నవ్వాగలేదు. కళ్లద్దాలు తీసి పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది. వదిలేసిన కప్పును మళ్లీ తగిలించలేదు, అది ఆవిడ గొప్పతనం. కట్టెలు ఆ సాయంత్రానికే మళ్లీ తమ చోటికి వచ్చాయి.

ఆ రోజు బస్సులో గోపిక చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె అలా మాట్లాడకుండా కూర్చోవడం చూసి కండక్టరు కూడా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉంది, బుర్రలో ఏదో తేలుతోందంతే. దుత్తలూరు దాటాక హర్షిత వైపు తిరిగింది.

"ఈ ఇంగ్లీషు మాట మిద్దె ఇల్లు లాంటిదే. కింద ఒకరు కాపరముంటారు, పైన ఇంకొకరు. అనంతపురంలో ఆయన మిద్దె మీద నుంచి పిలిచినాడు, నేను కింద తలుపు తీసినా. ఇయ్యాల నేను కింద తలుపు తడితే మేడం మిద్దె మీద నుంచి పలికింది. ఇంకేముండాది? రెండు తలుపులూ తెలుసుకుంటే సరి!"

హర్షిత ఆ రోజు నుంచి వ్యాకరణం పుస్తకం సంచిలోంచి తీయలేదు. ఇద్దరూ పందెం వేసుకున్నట్టు మాటలు ఏరుకున్నారు. 'లెవెల్ ప్లేయింగ్ ఫీల్డ్' అంటే కింద చదునైన నేల, పైన అందరికీ ఒకటే న్యాయం. "మన ఉదయగిరి గ్రౌండుకు రెండూ లేవు" అని గోపిక తేల్చేసింది. 'కిక్ ఆఫ్' అంటే కింద మొదటి తన్ను, పైన ఏ పనికైనా మొదలు. 'బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్' అంటే ఇక నీ వంతు. అది ఫుట్‌బాల్‌ది కాదు, టెన్నిస్‌దని హర్షిత చెబితే, "అయితే పక్కింటోళ్లది, అడిగి వాడుకుందాం" అంది. తప్పులు పోలేదు. ఇంగ్లీషు మాటల తోకలు ఆమెకు ఎప్పుడూ ఊడిపోతూనే ఉంటాయి. అయినా ఇప్పుడు నోరు తెరవడానికి ఆమెకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఏడాది తిరిగింది. అనంతపురం వెళ్లే పొద్దున పిల్లలంతా బస్టాండుకు వచ్చారు. దివ్యశ్రీ గోపిక సంచి పట్టుకుని నిలబడింది. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "అక్కా, లైసెన్సు రాకపోతే మాకు ఆ గంట లెక్కలేనా?" అంది. గోపిక గుండె కలుక్కుమంది. "లెక్కలు నేర్చుకోండి, మంచిదే. అది పొద్దున నేర్చుకోండి. సాయంత్రం ఆ గంట మాత్రం మనదే, ఎవురికీ ఇయ్యను" అంది. అనేసింది గానీ, బస్సు మలుపు తిరిగాక ఫోను తీసి పాత మ్యాచ్ ఒకటి మళ్లీ పెట్టుకుంది. భయం లేదని అబద్ధం చెప్పడమెందుకు, భయం ఉంది. కానీ భయం కన్నా పౌరుషం రవ్వంత ఎక్కువుంది.

శిక్షణలో కేరళ సారే ఉన్నాడు. గుంటూరు అతను కూడా మళ్లీ వచ్చాడు. పోయిన ఏడాది గ్రౌండు పరీక్షలో తప్పాడట. అతని నోట్లో ఆవగింజ నానదు. మొదటిరోజు మధ్యాహ్నానికే భోజనాల దగ్గర అందరికీ తెలిసిపోయింది. "ఆమేనండీ బస్సు మేడం" అని గుసగుసలు. గోపికకు వినపడింది. పళ్లెంలో మజ్జిగ పోసుకుంటూ వాళ్ల వైపు తిరిగి, "అవును, నేనే. టికెట్ తీసుకున్నారా?" అంది. ఆ బల్ల దగ్గరి తలలన్నీ పళ్లేల్లోకి వంగాయి.

చివరిరోజు రానే వచ్చింది. అదే గది, అలాగే నిండా జనం. గోపిక వంతు వచ్చింది. కేరళ సారు ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. మంచిమనిషి, పాత గాయం రేపకూడదనుకున్నట్టుంది. బస్సు మాట ఎత్తకుండా అడిగాడు. "యు ఆర్ వన్ గోల్ అప్. లాస్ట్ టెన్ మినిట్స్. వాట్ విల్ యు డూ?"

గోపిక నిటారుగా నిలబడింది. "సార్, యు ఫర్‌గాట్ ది బస్."

గదిలో కలకలం. కేరళ సారు కలం కిందపెట్టాడు.

గోపిక పోయిన ఏడాది చెప్పిన మాటనే చెప్పింది. అవే మాటలు, అదే గొంతు. "నో సార్. బస్ నో పార్కింగ్. బస్ గోయింగ్ ఆత్మకూరు డిపో!"

వెనక బెంచీల్లో నవ్వు మొదలైంది. గోపిక తొణకలేదు. గ్రౌండులో పిల్లలు అల్లరి చేస్తే ఎలా నిలబడుతుందో అలాగే చేతులు కట్టుకుని నిలబడింది, నవ్వు దానంతట అది ఆగేదాకా. ఆగాక అందుకుంది. "మై ఫాదర్ కీపింగ్ షీప్, సార్. షీప్ స్టాండింగ్, ఊల్ఫ్ హ్యాపీ. షీప్ మూవింగ్, ఊల్ఫ్ టైర్డ్. మై గర్ల్స్ నాట్ స్టాండింగ్. దే విల్ టేక్ ద బాల్ టు దెయిర్ కార్నర్, ఫార్ ఫ్రమ్ అవర్ గోల్. కీప్ ఇట్ దేర్. టెన్ మినిట్స్, బాల్ ఈజ్ దెయిర్ హెడేక్."

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. కేరళ సారు ముందుకు వంగాడు. ఎదుటి జట్టు నీ జట్టు కంటే చాలా బలమైనదైతే ఏం చేస్తావు, మూలకు వెళ్లనివ్వరే అని అడిగాడు. అది మెలిక ప్రశ్న. అక్కడ మొండికేసి అప్పుడు కూడా బస్సు ఆపనంటే తప్పు. గోపిక పిల్లల్ని తలుచుకుంది. మాధవ్‌ను తలుచుకుంది. దుత్తలూరు స్టాండులో అతను బస్సు ఎలా ఆపుతాడో గుర్తొచ్చింది.

"దెన్ పార్క్, సార్. బట్ ఇంజన్ రన్నింగ్."

కేరళ సారు పెదవుల మధ్యే రెండుసార్లు అనుకున్నాడు, ఇంజన్ రన్నింగ్, ఇంజన్ రన్నింగ్ అని. ఆగినట్టుండాలి, సందు దొరికిన మరుక్షణం దూకాలి. దాన్ని ఎదురుదాడి అంటారని, దాని గురించి తను పొద్దున గంటసేపు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పానని అక్కడివాళ్లకు గుర్తుచేశాడు. తర్వాత పైకే నవ్వాడు. "వచ్చే బ్యాచ్‌కు నేను ఈ మాటే చెబుతాను. నీ పేరు కూడా చెబుతాను" అని ఇంగ్లీషులోనే అన్నాడు. గోపికకు ప్రతి ముక్కా అర్థమైంది. ఇక పాసైనట్టు వేరే చెప్పాలా?

బయటికొచ్చి మాధవ్‌కు ఫోను చేసింది. "ఏమైందిమే?" అన్నాడు ఆత్రంగా. గట్టిగా అరిచి చెప్పాలనుకుంది గానీ గుసగుసే వచ్చింది. ఆ గొంతు, వాగు దాటే గొంతు! చివరికి "నీ బస్సు నన్ను గట్టెక్కించింది బావా" అని ఏడ్చేసింది. అటువైపు మాధవ్ కూడా ముక్కు చీదిన చప్పుడు వినపడింది. తర్వాత అడిగితే దుమ్మన్నాడు.

సాయంత్రం గంట ఆటకే ఉండిపోయింది. ఆ తర్వాత ఉదయగిరిలోనే ఒక మ్యాచ్ జరిగింది. నెల్లూరు నుంచి పెద్ద జట్టు వచ్చింది. ఒక గోలు ముందున్నారు మన పిల్లలు. ఆట అయిపోవస్తోంది. ఆ రోజు మాధవ్ డ్యూటీ మార్చుకుని మొదటిసారి గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు, పక్కన మామ కొండలయ్య. నెల్లూరు జట్టు మీదపడి తోసుకొస్తోంది. పిల్లలు బెదిరి ఒక్కొక్కరే వెనక్కి, గోలు ముందుకు చేరి గుంపు కట్టేస్తున్నారు. గోపిక గీత దగ్గరికి వచ్చి, విజిల్ వదిలేసి, కొండ మార్మోగేలా కేకేసింది.

"బస్ గోయింగ్!"

"ఆత్మకూరు డిపో!" అని పదకొండు గొంతులు ఒక్కసారి బదులిచ్చాయి. గుంపు విచ్చుకుంది. దివ్యశ్రీ బంతి తీసుకుని ఎదుటి మూలకు పరుగో పరుగు.

కుర్చీలో కూర్చున్న రేణుకాదేవి హర్షిత వైపు వంగి, "ఇదేం ఇంగ్లీషమ్మా?" అని అడిగింది.

"మనదే మేడం" అంది హర్షిత, కళ్లు ఆట మీద నుంచి తిప్పకుండా.